వినికిడి నుంచి వాక్కుదాకా: జైనూర్ భాషాజీవనం, ఇంగ్లీషు అభ్యాసం

(క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతుల స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

1. విషయ ప్రవేశం

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో సామాన్య జీవనం గడిపే మనిషికి సైతం ఒక్క భాషతో పని సాగదు. గోండు గూడేల్లో గోండి, కొలాం గూడేల్లో కొలామి, తండాల్లో లంబాడీ, మహారాష్ట్రకు చేరువ కావడం వల్ల మరాఠీ, నిజాం కాలం నుంచి వ్యవహారంలో నిలిచిన ఉర్దూ, బడిలోనూ కార్యాలయంలోనూ తెలుగు ఇక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి. అంగడి రోజున పత్తి ధర అడిగే రైతు, బట్టలు బేరమాడే ఇల్లాలు, బస్సు కోసం నిలబడిన ప్రయాణికుడు ఎదుటివారిని బట్టి భాష మార్చుకుంటారు. వారిలో ఎక్కువమంది ఆ భాషల వ్యాకరణం చదివినవారు కారు, వాటిలో పరీక్ష రాసినవారూ కారు. అవసరం, సహవాసం, పదేపదే వినడం, తప్పు మాట్లాడినా పని జరిగిపోవడం అనే నాలుగు పరిస్థితులే వారికి గురువులయ్యాయి.

ఇదే ప్రాంతంలో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం చేతపట్టిన విద్యార్థి పదో తరగతి దాటాక కూడా ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడటానికి వెనకాడటం తరచుగా కనిపించే స్థితి. ఇంట్లో రెండు భాషలు, వీధిలో మరో రెండు భాషలు అలవోకగా పలికే పిల్లవాడికి ఐదో భాష నేర్చుకునే శక్తి లేదనడం అర్థంలేని మాట. లోపం పిల్లవాడి శక్తిలో లేదు. ఆ భాష అతని దగ్గరికి వచ్చిన తీరులో ఉంది. మిగిలిన భాషలన్నీ జీవితంలో భాగంగా వచ్చాయి, ఇంగ్లీషు ఒక్కటే ప్రశ్నపత్రంగా వచ్చింది. కాబట్టి మిగిలిన భాషలు పట్టుబడిన పద్ధతినే ఇంగ్లీషుకూ వర్తింపజేయడం, అంటే దినచర్యలో సంతోషంగా చేసే పనుల్లోకి ఆ భాషను తీసుకురావడం ఎలాగన్నదే ఈ ఉపన్యాసం చర్చించే విషయం.

2. మార్లవాయి ఇచ్చిన పాఠం

జైనూర్ మండలంలోని మార్లవాయి గ్రామానికి ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మాతృభాష జర్మన్. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టుతో భారతదేశంలో ఉన్నందున ఆయన కదలికలపై ఆంక్షలు పడగా, నిజాం రాజ్యంలోనే ఉండి చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. 1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీం అమరుడైన తర్వాతి సంవత్సరాల్లో ఆయన ఈ కొండప్రాంతానికి వచ్చి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో నివసించి, గోండి భాష నేర్చుకున్నారు. 1948లో వెలువడిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ సహా ఆయన ప్రసిద్ధ గ్రంథాలు ఇంగ్లీషులో ఉన్నాయి. గోండుల గురించి ప్రపంచానికి తెలియజెప్పిన ఆ ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన భాష కాదు, నేర్చుకున్న భాష అన్న సంగతిని ఈ ప్రాంత విద్యార్థి గుర్తుంచుకోవడం మేలు.

ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో అచ్చువేసిన గోండి వాచకాలతో చదువు ఆరంభించి, అక్షరం మీద పట్టు వచ్చాక ఇతర భాషల్లోకి నడిపించడం ఆ పథకం ప్రత్యేకత. తెలిసిన భాషలో అర్థం స్థిరపడితే కొత్త భాష దానిమీద నిలుస్తుందన్న విశ్వాసం ఆ పద్ధతికి పునాది. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్‌ను మార్లవాయిలోనే ఖననం చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ చితాభస్మం 2012లో ఆమె సమాధి పక్కకు చేరింది. ఆ దంపతులను స్మరించడమంటే వారి సమాధుల దగ్గర పూలు ఉంచడంతో సరిపెట్టుకోకుండా, వారు పాటించిన విద్యాసూత్రాన్ని నేటి అవసరానికి అన్వయించడం కూడా కావాలి.

3. ప్రధాన్‌ల కథాగానం: విని నేర్చిన భాష

గోండు సమాజంలో వంశగాథలను పాడి వినిపించే ప్రధాన్‌లది ఈ చర్చకు అత్యంత విలువైన ఉదాహరణ. ఆదిలాబాద్ ప్రాంతపు ప్రధాన్‌ల ఇంటిభాష ఎక్కువగా మరాఠీ కాగా, కిక్రి అనే తీగవాద్యాన్ని మోగిస్తూ వారు గానం చేసే గాథలు గోండిలో ఉంటాయి. తమ ఇంటిభాష కాని భాషలో, రాత్రంతా సాగే కథనాన్ని, పాత్రల సంభాషణలతోనూ దేవతల నామావళితోనూ సహా ధారణలో నిలుపుకోవడం సామాన్య విషయం కాదు. ఈ పాండిత్యం నిఘంటువుతో రాలేదు. బాల్యంలో తండ్రి పక్కన కూర్చుని వినడం, కొంతకాలానికి వంతపాటగా గొంతు కలపడం, ఆ తరువాత చిన్న ఘట్టాన్ని సొంతంగా పాడటం, చివరకు శ్రోతల ముందు పూర్తి గాథను నిలబెట్టడం అనే క్రమంలో వచ్చింది.

ఈ క్రమంలో భాషాభ్యాసానికి కావలసిన మెట్లన్నీ ఉన్నాయి. మొదటి మెట్టు చాలాసేపు వినడం, రెండోది విన్నదానితో గొంతు కలపడం, మూడోది కొద్దిభాగాన్ని సొంతంగా చెప్పడం, నాలుగోది వినేవారి కోసం చెప్పడం. సాధారణంగా ఇంగ్లీషు తరగతి నాలుగో మెట్టు మీద నిలబడమని మొదటిరోజే అడుగుతుంది, లేదా వినికిడితో సంబంధం లేని వ్యాకరణ నియమంతో మొదలవుతుంది. మార్లవాయికే చెందిన గుస్సాడీ నాట్యాచార్యుడు కనకరాజు, 2021లో పద్మశ్రీ గౌరవం పొందినవారు, దశాబ్దాల పాటు యువకులకు ఆ నృత్యాన్ని నేర్పారు. అటువంటి కళల్లో శిష్యుడు గుంపులో కలిసి అడుగు వేస్తూ నేర్చుకుంటాడు. అడుగు తడబడినందుకు అతన్ని బయట నిలబెట్టరు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లవాడికి కావలసింది సరిగ్గా అటువంటి గుంపు.

4. ఆనందానికి శాస్త్రంలో స్థానం

ఆనందంగా నేర్చుకోవడమంటే శ్రమ లేకపోవడమని అర్థం కాదు. శ్రమ చేస్తున్నామన్న భారం తెలియనంతగా విషయంలో మనసు నిమగ్నం కావడం దాని అర్థం. అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదన ప్రకారం, అభ్యాసకుడు తన స్థాయికి కొద్దిగా పైన ఉండి, సందర్భాన్ని బట్టి అర్థమయ్యే భాషను ధారాళంగా విన్నప్పుడు, చదివినప్పుడు ఆ భాష మనసులో కుదురుకుంటుంది. భయం, సిగ్గు, ఆందోళన ఎక్కువైనప్పుడు అదే భాష చెవిన పడినా లోపలికి చేరదు. ఈ సిద్ధాంతంలో కొన్ని భాగాల మీద పండితుల్లో వాదోపవాదాలు ఉన్నా, అర్థమయ్యే భాష విస్తారంగా అందాలన్న అంశాన్ని కాదనేవారు అరుదు.

జైనూర్ వంటి మారుమూల ప్రాంతానికి సరిపోలే నిదర్శనం పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో దొరుకుతుంది. అక్కడి గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే పరిశోధకులు నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తరగతికి 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చి, రోజూ కొంతసేపు ఉపాధ్యాయునితో కలిసిగానీ మౌనంగాగానీ చదివించారు. 1983లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పాత పద్ధతిలో వాక్యనిర్మాణాలు వల్లెవేసిన పిల్లలతో పోలిస్తే ఈ పిల్లలు చదివి, విని గ్రహించే శక్తిలో దాదాపు రెట్టింపు వేగంతో ఎదిగారు. రెండో సంవత్సరానికి రాతలో కూడా ఆ ప్రభావం కనిపించింది. ఖరీదైన యంత్రాలు లేని చోట, ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లల మధ్య, కథల పుస్తకాలే ఇంత మార్పు తేగలిగాయన్నది గమనించవలసిన అంశం.

5. వినికిడి: ఆట, పాట, బొమ్మ

తెలిసిన విషయాన్ని తెలియని భాషలో వినడం అన్నిటికన్నా సులువైన ఆరంభం. క్రికెట్ వ్యాఖ్యానం ఇందుకు చక్కగా పనికొస్తుంది. బంతి ఎక్కడ పడింది, బ్యాటు ఎలా తగిలింది, ఎవరు పట్టుకున్నారు అన్నవి కంటికి కనిపిస్తుంటాయి కాబట్టి చెవిన పడే మాటకు అర్థం అక్కడికక్కడే దొరుకుతుంది. పైగా ఒకే రకం వాక్యాలు కొద్దిపాటి మార్పులతో వందలసార్లు వస్తాయి. కొన్ని ఓవర్లు చూస్తూ విన్న తరువాత, ఫోను తెరను బోర్లించి ఒక ఓవర్‌ను మాటల ద్వారానే ఊహించి, స్కోరుతో సరిచూసుకోవడం మంచి ఆట అవుతుంది. కబడ్డీ ఇష్టపడేవారికి ఆ వ్యాఖ్యానమూ ఇదే విధంగా ఉపకరిస్తుంది.

రెండో సాధనం తెరమీద అక్షరాలు. పాటలోని మాటలను అదే భాషలో తెర అడుగున చూపితే పిల్లలకూ పెద్దలకూ చదివే అలవాటు బలపడుతుందని అహ్మదాబాద్‌లో ఉద్భవించిన బ్రిజ్ కొఠారీ ఆలోచన, దూరదర్శన్ పాటల కార్యక్రమాల ద్వారా దేశమంతటికీ తెలిసింది. ఇంగ్లీషు కార్టూనునో జంతువుల చిత్రాన్నో చూసేటప్పుడు మాటలు ఇంగ్లీషులో, అక్షరాలూ ఇంగ్లీషులోనే ఉంచుకోవడం ఇక్కడ కీలకం. తెలుగు అక్షరాలు పెట్టుకుంటే కథ తెలుస్తుంది గానీ చెవి పనిచేయదు. ఐదు నిమిషాల భాగాన్ని మొదట అక్షరాలతో, మరునాడు అక్షరాలు లేకుండా చూస్తే విడివిడి మాటలుగా వినబడనిది విడివిడిగా వినబడటం మొదలవుతుంది.

మూడోది లయ. తెలుగులో అక్షరాలు దాదాపు సమానమైన బలంతో పలుకుతాయి. ఇంగ్లీషులో ప్రతి మాటలోనూ ఒక భాగం మీద ఊనిక ఉంటుంది, మిగిలినవి నలిగిపోతాయి. ఊనిక అంటే ఆ భాగాన్ని కొంచెం గట్టిగా, కొంచెం సాగదీసి పలకడం. ఫొటోగ్రాఫ్ అనే మాటలో ఊనిక మొదటి భాగం మీద ఉండగా, ఫొటోగ్రాఫర్ అన్నప్పుడు అది రెండో భాగానికి జరుగుతుంది. గోండుల దండారీ నృత్య వాద్యాల దరువు విని పెరిగిన పిల్లలకు ఈ తేడాను చప్పట్లతోనో డోలు దెబ్బతోనో పట్టించడం తేలిక. చిన్న ఇంగ్లీషు గేయాన్ని ఊనిక పడిన చోటల్లా చప్పట్టు కొడుతూ పాడటం ఉచ్చారణ నియమాల పట్టికకన్నా త్వరగా ఫలిస్తుంది.

6. చదువు: సులువైనది, ఇష్టమైనది, ఎక్కువగా

1920లలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ విద్యార్థులకు కఠిన గద్యం ఇచ్చి విసిగించడంకన్నా పరిమితమైన మాటలతో తిరగరాసిన కథలు ఇవ్వడం మేలని భావించి వాచకాలు తయారుచేశారు. 1953లో ఆయన ప్రకటించిన పట్టికలో నిత్యవ్యవహారానికి అత్యవసరమైన సుమారు 2,000 మూలపదాలు ఉన్నాయి. మాటలను స్థాయిల వారీగా పరిమితం చేసి రాసే అటువంటి పుస్తకాలను శ్రేణీకృత వాచకాలు అంటారు. వందమాటల్లో రెండు మూడింటికి మించి తెలియని మాటలు తగలని పుస్తకం హాయిగా సాగుతుందన్నది పఠన పరిశోధకులు సాధారణంగా అంగీకరించే కొలత. పేజీకి ఐదారుసార్లు ఆగవలసి వస్తే ఆ పుస్తకాన్ని పక్కనపెట్టి అంతకన్నా తేలికైనది అందుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించినప్పుడు ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. వీటిని పరీక్షకు మాత్రమే పరిమితం చేయడం పెద్ద నష్టం. తెలుగు పేజీని అట్టముక్కతో మూసి ఇంగ్లీషు పేరాను చదివి, అర్థం ఊహించి, అట్ట తీసి సరిచూసుకోవడం ఇద్దరు పిల్లలు పందెంగా ఆడుకోదగిన ఆట. కథల కోసం ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ ఉంది. అందులో ఇంగ్లీషు, తెలుగుతోపాటు గోండిలో కూడా పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి, ఇంగ్లీషు కథలు చదివే స్థాయిని బట్టి విభజించి ఉంటాయి. తెలిసిన కథను ఇంటిభాషలో ఒకసారి, ఇంగ్లీషులో మరోసారి చదివితే మార్లవాయి బడి సూత్రమే మళ్లీ ఆచరణలోకి వచ్చినట్టు.

పుస్తకం లేని చోట కూడా చదవడానికి అచ్చు ఉంటుంది. పత్తి విత్తనాల సంచి, ఎరువుల బస్తా, మందుబిళ్లల అట్ట, సబ్బు పొట్లం, బ్యాంకు పత్రం మీద ఇంగ్లీషు అక్షరాలు ఇంటింటా ఉన్నాయి. రోజుకొక పొట్లం మీది నాలుగు మాటలను పిల్లలు చదివి పెద్దలకు అర్థం చెప్పే అలవాటు ఏర్పడితే, భాష పెరగడమే కాకుండా మందు గడువు తేదీ, ఎరువు బరువు వంటి సంగతులు ఇంటికి తెలుస్తాయి. ఎదురైన ప్రతి మాటకూ నిఘంటువు తెరవడం కథను ముక్కలు చేస్తుంది. అదే మాట మూడోసారి అడ్డుతగిలినప్పుడు వెతికితే అది మనసులో నిలుస్తుంది.

7. మాట: తోడు ఉంటేనే వచ్చేది

మాట్లాడటానికి ముందు గొంతు అలవాటు పడాలి. రికార్డయిన చిన్న సంభాషణను వింటూ, అర క్షణం వెనుకగా అదే స్వరంలో పలుకుతూ పోవడాన్ని వెంబడి పలకడం అనవచ్చు. ప్రధాన్ బాలుడు తండ్రి పాటకు వంత కలిపే తీరు ఇదే. వారం రోజులు ఒకే నిమిషం సంభాషణను ఇలా పలికితే నాలుకకు వాక్యాలు పట్టుబడతాయి, తప్పు పట్టేవారెవరూ లేనందువల్ల సిగ్గు కూడా తొలగుతుంది.

ఆ తరువాత తోడు అవసరం. గూడెం నుంచి బడికి కలిసి నడిచే పిల్లలు దారిలో కనిపించినవాటిని వంతులవారీగా ఇంగ్లీషులో చెప్పడం, అంగడిలో కొనేవాడు, అమ్మేవాడు పాత్రలు వేసి కూరగాయలు బేరమాడటం, పొడుపుకథను ఇంగ్లీషులో విప్పడం, ఒకరు మనసులో ఒక వస్తువు తలచుకోగా మిగిలినవారు అవును, కాదు అనే జవాబులు వచ్చే ప్రశ్నలతో దాన్ని కనిపెట్టడం వంటివి డబ్బు ఖర్చులేని ఆటలు. ఆశ్రమ పాఠశాల వసతిగృహంలో సాయంత్రం వేళ గోడకు అంటించిన చిన్న పేరాను ఒకరు పరుగెత్తి చదివి గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పగా, జోడీ రాసే ఆటలో చదవడం, గుర్తుంచుకోవడం, చెప్పడం, వినడం, రాయడం ఐదూ ఒకేసారి జరుగుతాయి. దక్షిణ భారతంలో 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రయోగం కూడా వ్యాకరణ పాఠాల స్థానంలో పటం చూసి దారి చెప్పడం, కాలపట్టిక చూసి లెక్కగట్టడం వంటి పనులను ఇచ్చి, అర్థం మీద ధ్యాస ఉన్నప్పుడు భాష దానంతట అది ఏర్పడుతుందని ప్రతిపాదించింది. పని ద్వారా భాష నేర్పే పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు రావడంలో ఈ భారతీయ ప్రయోగానికి ముఖ్యమైన పాత్ర ఉంది.

8. రాత: చెప్పడానికి సొంత విషయం

ఈ ప్రాంత విద్యార్థికి ఇంగ్లీషులో రాయడానికి విషయం కరువు కాదు. తామెన్నడూ చూడని సముద్రతీరం మీద వ్యాసం రాయమంటే మాటలు దొరకని పిల్లలకు, దీపావళి వేళ దండారీ బృందం ఊరూరా తిరిగే తీరు, గుస్సాడీ నర్తకులు ధరించే నెమలి ఈకల కిరీటం, పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా పూజ కొట్టినపిండి. రోజూ మూడు వాక్యాల దినచర్య రాయడం, ఫొటో కింద రెండు వాక్యాల వివరణ చేర్చడం, తాత చెప్పిన కథను ఇంగ్లీషులో పది వాక్యాల్లో కూర్చడం క్రమంగా పెద్ద రచనకు దారితీస్తాయి. మార్లవాయికి, జోడేఘాట్‌కు దూరప్రాంతాల నుంచి సందర్శకులు వస్తుంటారు. ఆ చోట్ల చరిత్రను ఒక పేజీ ఇంగ్లీషులో రాసి, గట్టిగా చదివి, వారికి స్వయంగా వివరించగలిగిన విద్యార్థి వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాలూ సాధించినవాడవుతాడు. గోండుల గురించి ఇంగ్లీషులో రాసినవారిలో బయటివారి పేర్లే ఇప్పటికీ ముందుగా గుర్తుకు వస్తాయి. ఆ వరసలో గోండు, కొలాం, ప్రధాన్, తోటి, లంబాడా పిల్లల పేర్లు చేరడం ఈ అభ్యాసమంతటికీ తగిన లక్ష్యం.

9. మాతృభాష, తప్పుల భయం

ఇంగ్లీషు కావాలన్న కోరిక ఇంటిభాషను వదులుకోవాలన్న తొందరగా మారకూడదు. సాధ్యమైన చోట కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలోనే బోధన సాగాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. నార్నూర్ మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. ఒక భాషలో కథ చెప్పగలిగిన పిల్లవాడు కథకు ఆది, మధ్యం, అంతం ఉంటాయని, వినేవారికి ఏది ముందు చెప్పాలో తెలుసుకున్నవాడు. ఆ తెలివి ఏ భాషలోకైనా వెంట వస్తుంది. ఇంట్లో గోండిలో మాట్లాడే తల్లి బిడ్డ ఇంగ్లీషుకు అడ్డు కాదు, దానికి ఆధారం.

తప్పుల విషయంలో అంగడి పాటించే న్యాయమే బడికీ వర్తించాలి. గోండిలో ఒక ప్రత్యయం తప్పుగా పలికిన వ్యాపారిని గోండు కొనుగోలుదారు ఎగతాళి చేయడు, అర్థం గ్రహించి సరైన మాటతో జవాబిస్తాడు, వ్యాపారి దాన్ని వినే సరిదిద్దుకుంటాడు. విద్యార్థి వాక్యాన్ని మధ్యలో ఆపకుండా, చివరిదాకా విని, అదే భావాన్ని సరైన రూపంలో తిరిగి పలికి సంభాషణను కొనసాగించే ఉపాధ్యాయుడు ఈ న్యాయాన్ని తరగతిలోకి తెచ్చినవాడు.

10. ముగింపు

ఇంతవరకు పేర్కొన్నవాటిలో ఏదీ ఊరి శక్తికి మించినది కాదు. ప్రతి పాఠశాలలో పిల్లలు స్వయంగా తీసుకోగలిగిన కథల పుస్తకాల అర, రోజూ ఇరవై నిమిషాల ఇష్టపఠనం, వారానికొక వినికిడి గంట, వసతిగృహంలో సాయంకాలపు మాటల ఆట, ఏడాదికొకసారి పిల్లలే తమ ఊరి సంగతులను గోండి, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో వినిపించే సభ అన్న ఐదు ఏర్పాట్లు మొదలైతే చాలు. వాటిని నిలబెట్టే బాధ్యత ఉపాధ్యాయులది, గ్రామపెద్దలది, ఉట్నూర్ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థది. రోజూ కొద్దిసేపు ఆచరించే బాధ్యత అభ్యాసకులది. ఆరు భాషలకు చోటిచ్చిన జైనూర్ సమాజం ఏడో భాషకు భయపడవలసిన అవసరం లేదు. ఇంగ్లీషును పెత్తనం చేసే భాషగా కాక, అంగడిలో కలిసే మరో తోటి భాషగా స్వీకరించి, దానిలో తమ మాట తామే చెప్పుకునే తరాన్ని తయారుచేయడమే మార్లవాయిలో మొదలైన విద్యాయత్నానికి నేటి కొనసాగింపు.